వరస పరుపులు

చదివేవాళ్ళకి ముందే ఒక మాట చెప్పుకోవాలి. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఏ ఒత్తు ఎక్కడ పడాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. చెయ్యి కూడా నెమ్మది. ఈ కాసిని పేజీలకి ఒక చలికాలం మొత్తం పట్టింది. తప్పులు కనబడితే మన్నించి చదువుకోండి. ఇందులో సరోజన అని ఉన్నది నేనే. నేను, నేను అని రాస్తుంటే నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపించి, ఎవరో ఒకామె సంగతి చెప్పినట్టుగా రాశాను.

*

ఆ చిన్న ఊళ్ళో పాత కట్టడాలన్నీ ఏడాదికొక శనివారం తలుపులు తెరిచి పెడతారు. ఎవరైనా లోపలికి వచ్చి చూసి పోవచ్చు. పాత రైలు స్టేషను, పిండిమర, టౌన్ హాలు, వాటితో పాటు ఈసారి మొదటిసారిగా తెలుగు సంఘం వాళ్ళ చర్చి. అందుకని శుక్రవారం పొద్దున్నే కూతురు స్వీటీ తాముండే వాన్ అనే ఊరి నుంచి అరగంట డ్రైవ్ చేసి సరోజనని చర్చి మెట్ల దగ్గర దించింది. మధ్యాహ్నం వేర్‌హౌస్‌లో షిఫ్టు ఉందని, తాళం తీసేదాకా కూడా ఆగకుండా వెళ్ళిపోయింది.

సరోజన చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్ళింది. బకెట్లో గోరువెచ్చని నీళ్ళు పట్టి, రెండు మూతల మందు పోసి, వెడల్పాటి మాప్ ముంచి పిండింది. చెక్క నేల. పలకలు గుమ్మం నుంచి వేదిక వైపు తిన్నగా ఉంటాయి. వాటి మీద నల్లటి జిగురు చారలు మాత్రం ఏటవాలుగా ఈ మూల నుంచి ఆ మూలకి పోతాయి. సంఘం కొనక ముందు ఇరవై మూడేళ్ళు ఇది మసీదు. వాళ్ళు నమాజుకి నిలబడే దిక్కు వేదిక వైపు కాదు, గది వెచ్చబెట్టే రేడియేటర్ ఉన్న మూల వైపు. తివాచీని ఆ దిక్కుకే పరిచి అంటించారు. హైవే పక్కన పెద్ద మసీదు కట్టుకుని వెళ్ళిపోయేటప్పుడు తివాచీ పీకేశారు, జిగురు ఉండిపోయింది. ఎనిమిదేళ్ళుగా గీకినా పోలేదు. మాప్ ఆ చారల మీదికి వచ్చినప్పుడల్లా కొంచెం పట్టేసి ఆగుతుంది. సరోజన మణికట్టు ఆ ఆగడానికి అలవాటు పడింది.

తుడవడం అయ్యాక మెత్తలు దులిపింది. బెంచీల మీద వేసేవి, ఇరవై ఎనిమిది. మెరూన్ రంగు వెల్వెట్ గలీబులు. ఒక్కోదాన్ని పక్క గుమ్మం బయటికి తీసుకెళ్ళి, ఎడమ చేత్తో వేలాడదీసి కుడి అరచేత్తో కొట్టింది. దుమ్ము తక్కువే లేచింది. లోపలి దూది ఇన్నేళ్ళ తర్వాత కూడా గడ్డ కట్టలేదు. ఎక్కడ నొక్కినా చెయ్యి ఒకేలా దిగి, ఒకేలా పైకి వస్తుంది.

నిశాంత్ పదకొండింటికి వచ్చాడు. టెక్ కంపెనీలో పని చేసే కుర్రాడు. సంఘానికి పోస్టర్లు, వీడియోలు అన్నీ అతనే చేస్తాడు. కారులోంచి రెండు పెద్ద బోర్డులు తెచ్చి స్టాండుల మీద నిలబెట్టాడు. ఒకటి ఇంగ్లీషు, ఒకటి తెలుగు. మీ పేరు కూడా ఉంది ఆంటీ, సరిగ్గా పడిందో లేదో చూడండి అన్నాడు.

సరోజన కళ్ళజోడు పెట్టుకుని అక్షరాల కింద వేలు జరుపుతూ చదివింది. పాస్టరు గారి భార్య శ్యామల గారు నేర్పిన పద్ధతి అది. 1886లో కట్టారని ఉంది. 1992లో మూతపడిందని ఉంది. చాలాకాలం వాడుకలో లేక, 2016లో తెలుగు సంఘం చేతుల మీదుగా తిరిగి ఆరాధన మొదలైందని ఉంది. అన్నిటికంటే కింద ఒక వాక్యం. బెంచీల మీది మెత్తలు సంఘ సహోదరి సరోజన స్వహస్తాలతో కుట్టినవి.

ఆమె వేలు తన పేరు దగ్గర చాలాసేపు ఆగింది. ఈ దేశంలో ఉండనిచ్చే పీఆర్ కార్డు మీద, బస్సు పాస్ మీద ఆమె పేరు ఉంది, కానీ అక్కడ ఉందని ఎవరో చెబితే నమ్మింది. ఇది తనే చదివింది. నాలుగే అక్షరాలు. దుమ్మేమీ లేకపోయినా స్వెట్టర్ చేతి అంచుతో ఆ పేరు తుడిచింది.

అప్పుడు మళ్ళీ పైకి వెళ్ళి, వాడుకలో లేక అనే మాట దగ్గర వేలు పెట్టి నిశాంత్‌ని అడిగింది. మధ్యలో మసీదు ఉండె కదా బాబూ అంది. బోర్డులో చోటు చాలలేదని, ఆ మాట కమిటీ వాళ్ళే రాసిచ్చారని అతను చెప్పాడు. చర్చిగా వాడుకలో లేదు కదాంటీ, అందులో తప్పేముంది అని నవ్వాడు. సరోజన ఇంకేం అడగలేదు. ఇంకొకటి అడిగితే మెత్తల దాకా రావాల్సి వస్తుంది.

ఆ మెత్తలు ఆమె కుట్టలేదు. సంఘం కొన్న కొత్తలో కింద స్టోర్ రూము ఊడుస్తుంటే, బాయిలరు వెనక చుట్టి నిలబెట్టిన నాలుగు పొడుగాటి పరుపులు దొరికాయి. ఒక్కోటి పదకొండు అడుగులు, రెండడుగుల వెడల్పు. చెక్క బెంచీలు చల్లగా ఉంటున్నాయని పాస్టరు గారు అంటుంటే, ఆమె వంటగది కత్తెరతో ఒక్కోదాన్ని ఏడు ముక్కలు చేసింది. కోసిన అంచులు లోపలికి మడిచి కుట్టి, వెల్వెట్ గలీబులు తొడిగింది. మొదట్లో ఎవరైనా మెచ్చుకుంటే లోపలిది నాది కాదు అనేది. తర్వాత అనడం మానేసింది.

*

శనివారం పదింటి నుంచే జనం వచ్చారు. సరోజన వెనక బల్ల దగ్గర విజిటర్స్ పుస్తకం పెట్టుకుని కూర్చుంది. ఊరి తెల్లవాళ్ళు రంగుటద్దాల కింద నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఒక ముసలాయన దూలాన్ని వేళ్ళతో తట్టి, చెవి ఆనించి విన్నాడు. నిశాంత్ పదిమందిని వెంటేసుకుని బెంచీ బెంచీ తిప్పి చూపిస్తున్నాడు.

పదకొండున్నరకి ఒకామె ఒంటరిగా వచ్చింది. అరవై ఉంటాయి. నీలం నూలు చీర మీద, మోకాళ్ళ దాకా వేలాడే మగవాళ్ళ జాకెట్టు. కొంగు తల మీద ఉంది. గుమ్మం దగ్గర ఆగి గోడ పట్టుకుని బూట్లు విడిచింది. ఆ రోజు వచ్చినవాళ్ళలో ఇంకెవరూ విడవలేదు. లోపలికి వచ్చి అందరిలా నడిమి దారిన నడవలేదు. బెంచీల చివరల మధ్య దూరుకుంటూ ఏటవాలుగా నడిచి, రేడియేటర్ ఉన్న మూలకి ఎదురుగా నిలబడింది. అక్కడ చూడ్డానికేమీ లేదు. చాలాసేపు నిలబడ్డాక వెనక్కి తిరిగి, అమ్మా, మోకాళ్ళు, అని తనలో తనే అనుకుంది.

సరోజన కుర్చీలోంచి లేచింది. తెలుగువాళ్ళా అని అడిగితే ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది. తనది నంద్యాల పక్కన పల్లె అని చెప్పింది. పేరు హుస్సేనమ్మ. ఇంటిపేరు దూదేకుల. ఇళ్ళల్లో తెలుగే మాట్లాడుకుంటామని, ఇక్కడి మసీదులో ఉర్దూ రాక మొదట్లో చాలా అవస్థ పడ్డానని చెప్పింది. వాళ్ళ పల్లెలో ఆడవాళ్ళు మసీదు గడప ఎక్కేవాళ్ళు కాదట. ఎక్కింది ఇక్కడే, ఈ చర్చిలోనే అని నవ్వింది. మసీదు అనబోతే చర్చి అని నోట్లోంచి వచ్చేసిందని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకా నవ్వింది.

మాట్లాడుతూనే బెంచీల మీది మెత్తల్ని ఒకటొకటిగా అరచేత్తో నొక్కుతూ పోయింది. మెత్తనిది వెతుక్కుంటోంది కాబోలు అనుకుంది సరోజన. మూడో వరసలో కిటికీ వైపు చివరి మెత్త దగ్గర ఆగి, దాని మీద కూర్చుంది. సరోజన గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. ఆమె సగం తాగి గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, మీరు ఈడ మొదట్నించి ఉన్నారా?"

"ఉన్న చెల్లె. తాళంచెవి తీసుకున్న దినం నుంచి నేనే ఊడుస్తున్న."

"అయితే మీ కళ్ళ పడే ఉంటాయి. కింద స్టోర్ రూములో నాలుగు పొడుగు పరుపులు. చుట్టి నిలబెట్టినవి. నమాజులో వరసకొకటి పరిచేవి, మేము వరస పరుపులంటాము. ముసలోళ్ళకి మోకాళ్ళ కింద చల్లగా ఉంటుందని మా ఆయన దస్తగిరి కుట్టినవి."

అప్పుడే నిశాంత్ తన గుంపుతో రెండు వరసల అవతలికి వచ్చాడు. మెత్తల వైపు చెయ్యి చూపించి ఇంగ్లీషులో ఏదో చెప్పి, సరోజన వైపు చూపించాడు. తెల్లవాళ్ళందరూ ఆమె వైపు తిరిగి నవ్వారు. ఒకామె మెల్లగా చప్పట్లు కూడా కొట్టింది. వెనక బోర్డు మీద సరోజన పేరు ఉంది.

"లేవు చెల్లె," అంది సరోజన. "మేం వచ్చేసరికే స్టోర్ రూము ఖాళీ."

"అట్లనా," అంది హుస్సేనమ్మ. ఆమె ఎడమ చెయ్యి మెత్త అంచు మీద ఉంది. వేళ్ళు వెల్వెట్ మీద నెమ్మదిగా ముందుకీ వెనక్కీ కదులుతున్నాయి.

వేళ్ళు ఆపకుండానే ఆ పరుపుల సంగతి చెప్పింది. ఈ దేశంలో దూది ఎక్కడ దొరుకుతుందక్కా అంది. జనం రోడ్డు పక్కన పారేసే ఫ్యూటాన్ పరుపుల్లో దూదే ఉంటుందని దస్తగిరి కనిపెట్టాడు. వేర్‌హౌస్ పని అయ్యాక వాటిని మోసుకొచ్చేవాడు. దూది ఏకడానికి విల్లు లేదు. పాత హాకీ కర్రకి గిటారు తీగ బిగించి విల్లు చేశాడు. మొదటిసారి ఆ తీగ మోగినప్పుడు కింది ఫ్లాటు వాళ్ళు కంప్లైంటు చేశారు. అందుకని దూది ఏకడం మసీదు బేస్‌మెంటులో పెట్టుకున్నాడు. ఉర్దూ రాదని తనని దూరం పెట్టిన ఆడవాళ్ళే, పరుపులు పరిచిన శుక్రవారం జరిగి చోటిచ్చారని హుస్సేనమ్మ చెప్పింది. కొత్త మసీదులో మందం తివాచీ వేశారు. ఇవి వద్దన్నారు. తీసుకెళ్ళి పెట్టుకోవడానికి ఫ్లాటులో చోటు లేదు. చూద్దాంలే అనుకుంటుండగా దస్తగిరికి జబ్బు చేసింది. రెండేళ్ళయింది ఆయన పోయి. ఆ తర్వాత ఆమె రెండుసార్లు బస్సులు మారి వచ్చింది. రెండుసార్లూ చర్చికి తాళం ఉంది.

"మా ఆయన చేతి పని ఇంట్లో ఒక్కటీ లేదక్కా. అందరికీ కుట్టిచ్చేది తప్ప మాకని ఏదీ ఉంచుకోలేదు. ఒక్కటి దొరికితే పండుకునేటప్పుడు కిందేసుకుందామని."

సరోజన ఖాళీ గ్లాసు అందుకుంది. వెళ్ళేముందు హుస్సేనమ్మ విజిటర్స్ పుస్తకం చూసి, తనకి రాయడం రాదని, తన పేరు కూడా రాయమని అడిగింది. సరోజన పెన్ను పట్టుకుని ఒక్కో అక్షరం దిద్దినట్టుగా రాసింది. దూదేకుల హుస్సేనమ్మ. వాన్‌లో ఉన్న అపార్ట్‌మెంటు నంబరు చెబితే అదీ రాసింది. హుస్సేనమ్మ వంగి, తెలియని ఆ అక్షరాల్ని చూసి, బాగా రాస్తావక్కా అంది. బూట్లు తొడుక్కుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

*

ఆదివారం ఆరాధనలో పాస్టరు జయదేవ్ గారు, నూట అరవై మంది మన మందిరం చూసి వెళ్ళారని చెప్పి, పని చేసిన వాళ్ళ పేర్లు చదివారు. సరోజన పేరు మొదట చదివారు. మూడో వరసలో కిటికీ వైపు మెత్త మీద ఆ రోజు చిన్నపిల్ల ఒకతె కూర్చుని కాళ్ళు ఊపుతోంది.

భోజనాలయ్యాక సరోజన బేస్‌మెంటులో గిన్నెలు తోముతోంది. గోడ వెంబడి మోకాలెత్తులో వరసగా ఏడు కుళాయిలు, ఎదురుగా పలకలు పరిచిన చిన్న దిమ్మెలు, కింద కాలువ. నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి వాళ్ళు కట్టించుకున్నవి. సంఘం ఆడవాళ్ళకి అదే నచ్చింది. ఈ దేశంలో కూర్చుని గిన్నెలు తోముకునే చోటు ఇదొక్కటే అనేవాళ్ళు. బిర్యానీ డేగిషా అడుగున పట్టిన మాడు సరోజన పీచుతో రుద్దుతుంటే పాస్టరు గారు టీ కప్పు కడుక్కోవడానికి వచ్చారు.

ఆమె చేతులు ఆపకుండానే చెప్పింది. నిన్న ఒకామె వచ్చిందని, ఆ పరుపులు వాళ్ళవని, తను లేవని చెప్పానని. జయదేవ్ గారు కోప్పడలేదు. కప్పు పక్కన పెట్టి ఎదురు దిమ్మె మీద కూర్చున్నారు. వదిలేసి పోయిన సామాన్లు కొనుక్కున్నవాళ్ళవే అవుతాయని, వాటిని కత్తిరించి గలీబులు కుట్టింది మీరే కాబట్టి బోర్డు మీద అబద్ధమేమీ లేదని అన్నారు. ఆమెకి ఒకటి ఇస్తే రేపు ఇంకొకరు తలుపు మాది, కిటికీ మాది అని వస్తారని, మన వీడియోలు స్వదేశంలో మన ఊళ్ళల్లో చాలామంది చూస్తారని, అక్కడ ఇప్పుడు ఏ చిన్న మాటైనా ఎలా తిప్పుతారో తెలియదని అన్నారు.

"సరోజనమ్మా, మీ మనసు మంచిది కాబట్టి మీకిలా అనిపిస్తోంది. ప్రార్థన చేసుకోండి, తేలికవుతుంది."

"అయ్యగారూ, ఆమె దాని మీదనే కూసుని అడిగింది."

జయదేవ్ గారు దిమ్మె మీంచి లేచారు. కప్పు కడిగి బోర్లించి మెట్లెక్కారు.

అందరూ వెళ్ళాక సరోజన ఖాళీ బియ్యం సంచి ఒకటి తీసుకుని పైకి వెళ్ళింది. మూడో వరసలో కిటికీ వైపు మెత్తని అందులో పెట్టింది. స్వీటీ కారు డిక్కీ తెరిచి, ఏంటమ్మా అది అంటే ఉతకడానికి అని చెప్పింది.

సోమవారం స్వీటీ షిఫ్టుకి వెళ్ళాక, సరోజన కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని బ్లేడుతో గలీబు కుట్లు విప్పింది. వెల్వెట్ కింద ముదురు ఆకుపచ్చ గుడ్డ. దాని మీద తెల్లదారం కుట్లు నాలుగు వేళ్ళకొక వరస. అప్పట్లో కత్తెర చేతిలో ఉంది కాబట్టి ఆమె వీటిని చూడలేదు. ఇప్పుడు చూస్తే, ముక్కలో ఒక సగం మీద కుట్లు ఎడమకి వాలి ఉన్నాయి, ఇంకో సగం మీద కుడికి. సరిగ్గా నడుమ రెండు దారాలు కలిసి చిన్న ముడి పడ్డాయి. ప్రతి వరసలోనూ అలాగే. పరుపుని తిప్పి వేసి కుట్టాడేమో అనుకుంది. తను మడిచి కుట్టిన అంచులు రెండు వైపులా నల్లదారంతో వంకరటింకరగా ఉన్నాయి. వాటిని విప్పబోయి, విప్పితే దూది బయటికి వస్తుందని ఆగిపోయింది.

*

మంగళవారం ఒంటిగంటకి రెండు బస్సులు మారి అపార్ట్‌మెంటు చేరింది. హుస్సేనమ్మ తలుపు తీసి, చేతుల్లో సంచి పట్టుకుని నిలబడ్డ సరోజనని చూసి ఆశ్చర్యపోయినట్టు కనబడలేదు. లోపలికి రమ్మని, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. చిన్న హాలు. సోఫా, టీవీ, కిటికీ కింద మడిచిన దుప్పట్లు. సరోజన పరుపు ముక్కని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఎలా మొదలుపెట్టాలో బస్సులో నాలుగు రకాలుగా అనుకుంది. టీ గ్లాసులు వచ్చేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

హుస్సేనమ్మ గ్లాసులు కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. పరుపు ముక్కని వెంటనే ముట్టుకోలేదు. టీ సగం తాగాక చెయ్యి చాపి నడిమి ముడుల మీద వేలు పెట్టింది.

"నేను కోసిన చెల్లె," అంది సరోజన. "నాలుగూ కోసిన. మొన్న నీకు అబద్ధం చెప్పిన."

"తెలుసక్కా. కూర్చోక ముందే తెలిసింది. ముఖమల్ మీంచి కూడా ఈ ముడులు చేతికి తగిలినాయి. అందుకే దీని మీద కూర్చున్యా."

"తెలిసి మరి ఎందుకడిగినవు?"

"అడిగితే చెప్తావేమో అని."

సరోజన టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. హుస్సేనమ్మ వేలితో ఒక వరస కుట్ల వెంట అటు నుంచి ముడి దాకా, ఇటు నుంచి ముడి దాకా గీసింది. మొన్న మా ఆయన కుట్టినాడని చెప్పిన కదా అంది. మసీదులో అందరికీ అట్లనే చెప్పేవాళ్ళం. మగవాడు చేసినాడంటేనే బాగుంటుందని. ఆ చివర ఆయన కూర్చునేవాడు, ఈ చివర తను. మాట్లాడుకోకుండా కుట్టుకుంటూ వచ్చి నడుమ కలిసేవాళ్ళు. ఎవరు ముందు నడిమికి వస్తే రెండోవాళ్ళు టీ పెట్టాలి. ఎప్పుడూ తనే ముందు వచ్చేదని, టీ ఎప్పుడూ ఆయనే పెట్టేవాడని చెప్పింది.

అలా చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. సరోజనకి మాత్రం చెవులు వేడెక్కాయి. ఎవరో పోయినాయన చేతి పని దాచుకున్నాననుకుంది ఈ మూడు రోజులూ. కుట్టిన మనిషే ఎదురుగా కూర్చుని అడిగితే లేవని చెప్పింది.

మిగతా ఇరవై ఏడూ తీసుకొస్తానంది. గలీబులన్నీ విప్పి, వరస ప్రకారం పెట్టి, మళ్ళీ నాలుగు పరుపులుగా కలిపి కుడదామంది. అయ్యగారు ఏమన్నా సరే తెస్తానంది. హుస్సేనమ్మ కోసిన అంచు మీది నల్లదారాన్ని గోటితో కొంచెం ఎత్తి చూసి వదిలేసింది.

"ఈ అంచున దూది తెగిపోయినాదక్కా. ఏకిన దూది తెగితే మళ్ళీ కలవదు. నువ్వు కుడితే అతుకులబొంత అవుతుంది. అది నాకెందుకు?"

"ఇదొక్కటన్నా ఉంచుకో. నడిమిది ఇది."

హుస్సేనమ్మ ఆ ముక్కని రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఒకసారి దాని మీద చెంప ఆనించింది. ఉంచుకుంటుందనుకుంది సరోజన. ఉంచుకోవాలని లోపల లోపల ప్రార్థన కూడా చేసింది. హుస్సేనమ్మ సంచి మూతి తెరిచి, దాన్ని మడత పడకుండా జాగ్రత్తగా లోపల పెట్టి, మూతి ముడి వేసింది.

"ఇది ఇంట్లో ఉంటే మిగతావి యాడున్నాయని దినమ్మూ వెతుక్కుంటా. తీసకపో. కూర్చోడానికి చేసిందే, ఎవరో ఒకరు కూర్చోనీ."

తలుపు దాకా వచ్చి, సరోజన చెప్పులు తొడుక్కునేటప్పుడు పడిపోకుండా మోచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తీయకుండానే అంది.

"ఇంకొకసారి రావద్దక్కా."

*

ఆ వారంలో సరోజన నిశాంత్‌కి ఫోన్ చేసింది. ఇంత పొడుగు ఫోన్ ఆమె ఎవరికీ చేసి ఉండదు. బోర్డులో మసీదు సంగతి రాయమంది. మెత్తల లోపలి పరుపులు కుట్టింది దూదేకుల దస్తగిరి, హుస్సేనమ్మ అని రాయమంది. తన పేరు తీసేయమంది. అతను మర్యాదగా విన్నాడు. కమిటీని అడగాలాంటీ అన్నాడు. రెండు రోజుల తర్వాత మెసేజ్ పెట్టాడు. మీ ఫీలింగ్స్ అర్థమయ్యాయి, బోర్డు అప్‌డేట్ చేశాం అని.

ఆదివారం పొద్దున అందరికంటే ముందు చర్చికి వెళ్ళింది. తెలుగు బోర్డుని స్టాండు మీంచి తీసి గుమ్మం పక్కన గోడకి బిగించారు. కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి చదువుకుంటూ వచ్చింది. 1886. 1992. వాడుకలో లేక. 2016. దాని కింద మెత్తల వాక్యం ఉన్న చోట ఏమీ లేదు. ఆ మేరకు తెల్ల స్టిక్కరు ముక్క అంటించారు. అంచు వెంట గోరు పెడితే అది గట్టిగానే అంటుకుని ఉంది. సరోజన ఇంకొకసారి పై నుంచి కింది దాకా చదివింది. మొదటిసారి ఏదైనా పదం దాటేశానేమో అనుకుని.

తెచ్చిన మెత్తకి గలీబు మళ్ళీ తొడిగి కుట్టేసి ఉంచింది. దాన్ని దాని చోట పెట్టి, తను వెనక బెంచీలో ఉత్త చెక్క మీద కూర్చుంది. పాటలు మొదలయ్యాక కొత్తగా పెళ్ళయిన తేజశ్రీ ఆలస్యంగా వచ్చి పక్కన కూర్చుంది. కాలేజీలో చదువుతూ స్టోర్‌లో పార్ట్ టైమ్ చేస్తుంది. నైట్ షిఫ్ట్ చేసి తిన్నగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సరోజన ఉత్త చెక్క మీద కూర్చోవడం చూసి లేచి వెళ్ళి, మూడో వరసలో కిటికీ వైపు చివరి మెత్త తెచ్చింది.

"చల్లగా ఉంటుందాంటీ, లేవండి," అని గుసగుసగా అంది. "అందరికీ కుట్టి మీరేమో చెక్క మీద కూర్చుంటారా?"

"నేను కుట్టలేదమ్మా."

"మీరెప్పుడూ ఇంతే ఆంటీ. పేరు కూడా మీరే తీయించేశారట కదా. పాస్టరు గారు చెప్పారు, అంత తగ్గింపు మనసు మాకెవరికీ రాదని."

సరోజన మళ్ళీ చెప్పింది. ఇది మసీదువాళ్ళది, ఒక మొగుడూ పెళ్ళాం కుట్టిందని చెప్పింది. కానీ అప్పటికి పాట రెండో చరణానికి వచ్చింది. అందరూ గొంతెత్తి పాడుతున్నారు. తేజశ్రీ తల ఊపుతూ నవ్వుతూ, ఆమె భుజం పట్టుకుని మెల్లగా లేపి, మెత్త కిందికి జరిపింది. మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి. సరోజన దాని మీద కూర్చుంది. కింద దూదిలో ఎక్కడా గడ్డ లేదు.

సరోజన, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది ఓక్‌విల్‌లో.